వెల్లుల్లి వేసిన పూర్ణం

నాకు వంట నేర్పింది మా అమ్మ కాదు, అత్త కాదు. కువైట్‌లో ఒక ముసలామె నేర్పింది, అదీ గరిటెతో వేళ్ల మీద కొట్టి. ఇప్పుడు ఎవరైనా ఫోన్‌లో చూసి హుమ్ముస్ చేసి, పళ్లెం ఫొటో తీసి చూపిస్తే నాకు మెచ్చుకోబుద్ధి కాదు. "ఎట్టుంది ఆంటీ?" అంటారు. ఎట్టుందో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. అంత ఓపిక వాళ్లకు ఉండదు, నాకూ ఉండదు. ఇక్కడ రాస్తున్నాను.

మాది ఉదయగిరి నుంచి సీతారామపురం పోయే దారిలో ఒక పల్లె. మా ఆయన బావిలో పూడిక తీస్తుండగా గట్టు విరిగి మీద పడి పోయాడు. మట్టిలోంచి మనిషిని తీసేసరికి పొద్దు వాలింది. మిగిలింది నేను, చంటిది, మా అత్త, వానొస్తే పండే కాస్త మెట్టపొలం. మా చర్చి సంఘంలో అప్పటికే ఒకరిద్దరు ఆడవాళ్లు కువైట్ పోయివచ్చి పూరిళ్లు దించి మిద్దెలు వేసుకున్నారు. పదో తరగతి దాకా మిషన్ హాస్టల్లో చదివినదాన్ని, ఇంగ్లీషు ముక్కలు నాలుగు వచ్చు. అక్కడ యుద్ధం సద్దుమణిగి ఇళ్లల్లో మళ్లీ పనిమనుషులను పెట్టుకుంటున్నారని తెలిసి నేనూ పోతానన్నాను. మా అత్త వద్దనలేదు. "పో మే. బిడ్డను నేను చూసుకుంటా. నా కొడుకును సాకినట్టే సాకతా" అంది. సాకింది కూడా. ఆ విషయంలో ఆమెను ఒక్క మాట అనడానికి నాకు నోరు లేదు.

పాలు మాన్పించడానికి వేపాకు నూరి రొమ్ముకు పూసుకున్నాను. బిడ్డ ఒకసారి నోరు పెట్టి, మొహం చిట్లించి, ఏడ్చి మా అత్త చంకెక్కింది. వారం తిరక్కుండానే నేను బొంబాయి రైల్లో ఉన్నాను.

కువైట్‌లో నేను చేరిన ఇల్లు చాలా పెద్దది, ఇంటినిండా పిల్లలు. నాకు మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన గది. పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో. తిట్లు తిన్నాను, అప్పుడప్పుడు దెబ్బలూ తిన్నాను. జీతం మాత్రం ఎగ్గొట్టలేదు, అంతవరకు న్యాయస్తులే. ఇంటావిడ అత్తగారు వంటింట్లో పెత్తనం చేసేది. హుమ్ముస్ లేనిదే ఆ ఇంట్లో రొట్టె ఎవరి నోట్లోకీ పోదు. పెద్ద తెల్ల శనగలు ముందురోజే నానబోయాలి. చిటికెడు సోడా వేసి, వేళ్ల మధ్య పెట్టి నలిపితే పిండయ్యేదాకా ఉడికించాలి. ఆ తరువాత నీళ్లలో వేసి పిసికి గింజ గింజకూ పొట్టు తీయాలి. ఒక్క పొట్టు మిగిలినా ముసలామె నాలుకకు తెలిసిపోయేది, గరిటె నా వేళ్ల మీద పడేది. వెల్లుల్లిని ఉప్పుతో నూరి, నువ్వుల ముద్దలో నిమ్మరసం, ఐసు నీళ్లు పోసి తెల్లబడేదాకా గిలకొట్టి, అందులో శనగలు వేసి వెన్నలా చేయాలి. పళ్లెంలో పరిచి, గరిటె వెనకవైపుతో గుంట చేసి, జైతూన్ నూనె పోయాలి. మొదట్లో నాకు మింగుడు పడేది కాదు. కారం లేదు, తాలింపు లేదు, గోడకు వేసే సున్నం లాగా ఉంది అనుకునేదాన్ని. ఏడాది తిరిగేసరికి నాలుకే లొంగిపోయింది.

ఆ ఇంటి ఆఖరి పిల్లవాడు నా బిడ్డ ఈడువాడే. నా చేత్తో పెడితే తప్ప తినేవాడు కాదు. రొట్టె తుంచి హుమ్ముస్‌లో అద్ది అందిస్తే పిట్టపిల్ల మాదిరి నోరు తెరిచేవాడు. ఒకరోజు అలా తింటూ తింటూ నన్ను "మామా" అన్నాడు. వాళ్ల భాషలో అమ్మ అని. వాళ్లమ్మ అక్కడే ఉంది. వాడి మూతి మీద ఒకటిచ్చి నా వంక చూసింది. తలవంచుకుని పళ్లెం తీశాను గాని, అబద్ధమెందుకు, లోపల్లోపల పొంగిపోయాను. పరాయి బిడ్డే అన్నాడు, నా బిడ్డ అనదా అనుకున్నాను. ఆ ధైర్యంతోనే మిగతా ఏళ్లు గడిపాను.

సెలవు మీద ఇంటికి వచ్చేసరికి నా కూతురికి ఏడో ఏడు నడుస్తోంది. ఉదయగిరిలో బస్సు దిగి, జీపు మాట్లాడుకుని, పెట్టె, దుప్పట్లు, పాలపొడి డబ్బాలతో ఇల్లు చేరాను. పిల్ల మా అత్త వెనక నిలబడి కొంగు చాటునుంచి నన్ను చూసింది. మా అత్త దాన్ని ముందుకు తోసి, "పో, మీయమ్మ వచ్చింది" అంది. పిల్ల కదల్లేదు. తలెత్తి మా అత్తనే అడిగింది, "అమ్మా, ఈమె ఎన్ని రోజులుంటాది?" అని.

మా అత్త ముఖం పాలిపోయింది.

"నేను నేర్పలేదు మే. అవ్వా అనే చెప్పినా. ఇస్కూల్లో పిల్లకాయలందరూ అమ్మ అమ్మ అంటాంటే ఇది గూడా అనింది. కొట్టి మానిపించేదా?" అంది నాతో.

 ఆమె కొట్టి మానిపించి ఉంటే మాత్రం ఆ పిలుపు నడుచుకుంటూ కువైట్ వచ్చేదా? వారం తిరిగేసరికి వీధి పిల్లలు నాకు పేరు పెట్టేశారు. కువైటామె. నా కూతురు కూడా అదే అనేది. నా ఎదురుగానే నిలబడి, "అమ్మా, కువైటామె నీళ్లు పోస్తా రమ్మంటాంది, పోయేదా వద్దా?" అని మా అత్తను అడిగేది. కడుపు చించుకు పుట్టింది గదా అని నేను చెయ్యి వేస్తే, బస్సులో పక్కమనిషి చెయ్యి తగిలినట్టు సర్దుకునేది.

నిజానికి నేను తిరిగి పోకూడదనే వచ్చాను. ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో ఆయా పని ఉందని, నా బిడ్డకు అక్కడే చదువు చెబుతారని తెలిసినవాళ్లు చెప్పారు. బడికి దగ్గర్లో ఒక గది కూడా చూసుకున్నాను. నాలుగు నెలల సెలవు. ఆలోపల పిల్ల నాతో రావడానికి ఒప్పుకుంటే కువైట్‌కు ఇక రానని కబురు పెట్టేస్తాను. ఒప్పుకోకపోతే ఏడ్చే పిల్లను ఈడ్చుకుపోలేను, మళ్లీ విమానం ఎక్కడమే. మా అత్తను కూడా ఆత్మకూరు రమ్మన్నాను. "నా కొడుకు ఈడ ఉండాడు. నేను యాడికీ రాను" అంది, సమాధుల దొడ్డి వైపు చెయ్యి చూపించి. "నీ బిడ్డ, నువ్వు తీసకపో. నేనేమీ అడ్డం రాను." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా మొహం చూడలేదు, చేటలో బియ్యం చూస్తూ చెప్పింది.

గౌన్లు తెచ్చాను, తొడుక్కుంది. కళ్లు మూసి తెరిచే బొమ్మ తెచ్చాను, తీసుకుంది. నా పక్కన పడుకోమంటే పడుకోలేదు. రెండు నెలలు ఇలాగే పోయాయి. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. హుమ్ముస్ చేసి నా చేత్తో తినిపించాలి. అక్కడి పిల్లవాడు దానికే కదా లొంగాడు. ఇంత తెలివి ఇంకెవరికైనా ఉంటుందా?

ఆత్మకూరు బస్సెక్కి వెళ్లి పెద్ద తెల్ల శనగలు కొన్నాను. మా పల్లె కొట్టులో చిన్న ఎర్ర శనగలే దొరికేవి, వాటి పొట్టు ఊడదీయాలంటే దేవుడు దిగిరావాలి. కలువాయి వైపు నుంచి వచ్చిన నిమ్మకాయలు తీసుకున్నాను. నువ్వులు ఇంట్లో ఉన్నాయి. జైతూన్ నూనె అంటే ఆ రోజుల్లో కిరాణా కొట్లలో ఎవరికీ తెలియదు. ఆలివ్ ఆయిల్ అని చిన్న రేకు డబ్బాలో మందుల షాపులో అమ్మేవాళ్లు, పసిపిల్లలకు ఒళ్లు రుద్దడానికి. షాపతను డబ్బా మీద దుమ్ము తుడుస్తూ "పాపకు ఎన్నో నెలమ్మా?" అన్నాడు.

"ఏడో ఏడు."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "ఏడేళ్ల బిడ్డకు ఇంకా నూనె రుద్దతారా?"

"ఇన్నాళ్లూ రుద్దలేదులే" అని డబ్బా తీసుకుని బస్టాండుకు వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక ఆ డబ్బా మీద ఉన్న పసిబిడ్డ బొమ్మను చూడలేక సంచీ అడుక్కి తోశాను.

మరుసటి రోజు బడి లేదు. పొద్దున్నే శనగలు ఉడికించి, పొట్టు తీసి, పంచలో రోలు కడిగి కూర్చున్నాను. నువ్వులు వేయించి రుబ్బి, వెల్లుల్లి వేసి, నిమ్మరసం పిండి, శనగలు వేసి రుబ్బుతున్నాను. మిక్సీ పని రోటికి చెబితే మాటలా, భుజాలు పడిపోయాయి. ముద్ద మెత్తబడి లేత పసుపు రంగుకు వచ్చేసరికి ఒక పిల్ల వచ్చి రోలు పక్కన కూర్చుంది. తరువాత ఇంకో ఇద్దరు. చూస్తుండగానే వీధిలో పిల్లలంతా రోలు చుట్టూ చేరారు. వాళ్లను తోసుకుంటూ నా కూతురు అందరికంటే ముందుకు వచ్చి నాకు ఎదురుగా గొంతుక్కూర్చుంది. నేను పిలవకుండా అది నా దగ్గరికి రావడం అదే మొదలు. అరచెయ్యి చాపింది.

మా వైపు ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసే రోజున ఉడికిన శనగపప్పు, బెల్లం కలిపి రోట్లో పూర్ణం రుబ్బుతారు. రుబ్బే మనిషి లేచేలోపల చుట్టూ చేరిన పిల్లల చేతుల్లో తలా ఒక ముద్ద పెట్టాలి. పెట్టకుండా లేస్తే ఆ ఇంటి ఓళిగలు విరిగిపోతాయంటారు. ఏ ఇంట్లో పొత్రం తిరిగినా, శనగల వాసన వస్తే పిల్లలు పరుగెత్తుకొస్తారు, వాళ్లను పిలవక్కర్లేదు. నేనూ ఆ రోళ్ల చుట్టూ కూర్చుని పెరిగినదాన్నే. ఇన్నేళ్లు పరాయి వంటింట్లో పడి, ఆ చేతులు ఎందుకు చాపారో నాకు తట్టనే లేదు. నా హుమ్ముస్ కోసమే వచ్చారనుకున్నాను. నా బిడ్డ చేతిలో అందరికంటే పెద్ద ముద్ద పెట్టాను.

అది కళ్లు మూసుకుని మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుంది. తీపి కోసం తెరుచుకున్న నోట్లో వెల్లుల్లి, పులుపు, ఉప్పు. కళ్లు తెరిచి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు తెలుసు. మోసం చేసినవాళ్లను చూసే చూపు అది. తుపుక్కున అక్కడే ఊసేసి లోపలికి పరుగెత్తింది.

"అమ్మా, కువైటామె పూర్ణంలో ఎల్లుల్లి ఏసింది. కంపు."

మిగతా పిల్లలూ ఊసేశారు. పంచ నిండా ముద్దలు. ఎదురింటామె అరుగు మీద నుంచి "ఓళిగలని ఆశపడితిమే, ఏందమ్మే ఇది? అరబ్బోళ్ల ఇంట్లో చేరి పూర్ణం చెయ్యడం గూడా మరిచిపోతివా?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. "మీ మొహాలకు ఇది గూడా ఎక్కువే, పొండి" అని పిల్లలను తరిమాను. ఆమె నవ్వు ఆగలేదు.

మా అత్త బయటికి వచ్చింది.  రోట్లో ముద్దను వేలితో తీసి నాలుక మీద వేసుకుని, "శనగలేగా, పారేస్తామా యేంది" అంది. ఎండుమిరపకాయలు వేయించి తెచ్చి అందులోనే వేసి నూరింది. ఆవాలు, కరివేపాకుతో తాలింపు పెట్టింది. మధ్యాహ్నం సంగటి ముద్దలో గుంట చేసి అది వేసి పిల్లకు తినిపించింది. నేను కువైట్‌లో తినిపించినట్టే, నోటికందించి.

"ఇప్పుడు బాగుండాదమ్మా" అంది పిల్ల.

"మీయమ్మ చేసిందే అది. నేను తాలింపే పెట్టినా."

"కాదు. నువ్వు చేసినావు."

నిజం చెప్పొద్దూ, నేనూ తిన్నాను, బాగుంది. బాగుండటమే ఇంకా మంట.

ఆ తరువాత నేను ప్రయత్నాలు మానేశాను. ఒక రాత్రి మా అత్తతో గట్టిగానే అన్నాను. "పెట్టింది తినదు, అమ్మా అని పిలవదు. ఇట్టనే ఇడిస్తే ఇంక నాది కాకుండా పోతాది. ఏడ్చినా సరే, ఆత్మకూరు తీసకపోతా. నాలుగు రోజులు ఏడుస్తాది, తరవాత అదే అలవాటు పడతాది." ఈడ్చుకుపోకూడదని అనుకున్నదాన్నే, కడుపుమంటలో ఆ మాట వచ్చేసింది. మా అత్త తలూపింది. పిల్ల నిద్రపోయిందనే ఇద్దరం అనుకున్నాం.

ఆదివారం మా అత్త స్త్రీల ప్రార్థనకు పోయింది. డబ్బాలో మిగిలిన తెల్ల శనగలు పురుగు పడతాయని నానబోసి ఉంచాను. నా ఒక్కదానికోసమే, తాలింపు గీలింపు లేకుండా, కువైట్ పద్ధతిలోనే రుబ్బాను. పళ్లెంలో తీసి గుంట చేస్తుంటే పిల్ల వచ్చి రోలు పక్కన కూర్చుంది.

"నాకు పెట్టు" అంది.

"తాలింపు లేదు. నీకు నచ్చదు."

"అట్నే పెట్టు."

వేలితో కొంచెం తీసి నోట్లో పెట్టాను. ఈసారి ఊసెయ్యలేదు. మింగలేక కక్కలేక అంటారే, అది నా కళ్లముందే జరిగింది. గొంతు రెండుసార్లు కదిలింది. మింగింది.

"ఎట్టుండాది?"

"బాగుండాదమ్మా."

నేను వెనక్కి తిరిగి చూశాను, మా అత్త వచ్చిందేమో అని. వాకిట్లో ఎవరూ లేరు. అప్పుడు అర్థమైంది, ఆ పిలుపు నాకేనని. దేవుడా, ఆ క్షణంలో నా ప్రాణం పోయినా బాధ లేదనిపించింది. ఇంకో ముద్ద పెట్టాను. తింది. "ఇంకా పెట్టమ్మా" అంది. పెట్టాను. దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, వెల్లుల్లి ఘాటుకే అనుకున్నాను. దగ్గరికి లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. రాననకుండా వచ్చింది గాని, ఒళ్లు కర్రలా బిగబట్టుకుని ఉంది. నా మొహం చూడకుండా, పళ్లెం వైపు చూస్తూ, బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మొత్తం తినేస్తానమ్మా. దినామూ తింటా. దినామూ అమ్మా అనే పిలుస్తా. నన్ను ఆత్మకూరు తీసకపోబాకమ్మా. అవ్వ కాడే ఉంటా."

అవ్వ అంది. ఆ పిలుపు కూడా సరిచేసుకుని వచ్చింది.

"ఎవరు చెప్పినారు ఇట్ట అడగమని? మీయవ్వా?" అన్నాను.

"ఎవురూ చెప్పలా. అమ్మా అని పిలవలేదని, ఇది తినలేదని గదా నన్ను తీసకపోతాండావు? ఆ రాత్రి నేను నిద్రపోలా, ఇన్నా."

ఇంకో ముద్ద కోసం నోరు తెరిచింది. నేను పళ్లెం అవతలికి జరిపాను. "చాల్లే, తినబాక" అన్నాను. తినకపోతే ఒప్పుకోనేమోనని దానికి భయం. పళ్లెం కోసం చెయ్యి చాపింది. "తీసకపోనులే. మీయవ్వ కాడే ఉండు. పోయి నోరు కడుక్కో" అన్నాను. ఒళ్లోంచి దిగి తొట్టి దగ్గరికి పరుగెత్తింది. కక్కుకోవడం వినిపించింది.

మా అత్త ప్రార్థన నుంచి వచ్చాక, ఆత్మకూరు గది వద్దని చెప్పేస్తాననీ, సెలవు అయిపోగానే కువైట్ పోతాననీ చెప్పాను.  ఆమె చేతిలో బైబిలు అట్లాగే పట్టుకుని గడప మీద కూలబడి, "నేనేమీ చెప్పలేదు మే, ప్రమాణం" అంది. నాకు తెలుసు అన్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. ఆమె ఏడుపులో కొంచెం సంతోషం కూడా ఉంది. ఉండదా మరి? నేను తప్పుపట్టను.

నేను వెళ్లేదాకా నా కూతురు మాట తప్పలేదు. పొద్దున లేస్తే అమ్మా, పడుకునేముందు అమ్మా. మా అత్తను అవ్వా. ఆడుకుంటూ ఆడుకుంటూ మధ్యలో గుర్తొచ్చినట్టు ఆగి, దూరం నుంచి ఒకసారి "అమ్మా" అని అరిచి, నేను పలికాక మళ్లీ ఆటలో పడేది. వీధిలో వాళ్లు "బిడ్డ అమ్మకు అలవాటు పడింది, ఇప్పుడు పోతాండావే, ఏం గుండె మే నీది" అన్నారు. 

పోయే రోజు జీపు వచ్చింది. పిల్ల గౌను వేసుకుని, చెప్పినట్టే వచ్చి, "పోయిరా అమ్మా" అంది. నుదుటి మీద ముద్దు పెట్టుకుంటే కదలకుండా నిలబడింది. నేను ఎక్కి కూర్చున్నాను. డ్రైవరు ఇంకా టాపు మీద పెట్టెకు తాడు కడుతున్నాడు, బండి కదల్లేదు. పిల్ల మా అత్త దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుని లాగింది.

"ఎక్కేసిందిగా. ఇంక ఇంట్లోకి పోదాం రా అమ్మా" అంది.